మచ్చు

ఆ నలభై రోజులూ రెండు పుస్తకాలు రాశాను.
ఒకటి ఎన్నికల అధికారికి, నీలం అట్టది.
రెండోది మా షావుకారు బీరువాకి,
దానికి అట్ట లేదు.

నీలం పుస్తకంలో టీ ఎనిమిది రూపాయలు,
ప్లాస్టిక్ కుర్చీ రోజుకి ఏడు.
ఏటుకూరు రోడ్డు సభకి మూడొందల కుర్చీలని రాశాను.
నిలబడ్డవాళ్ళే మూడు వేలుంటారు ఆ సాయంత్రం.
నిలబడ్డవాళ్ళకి రేటు పట్టీలో ధర లేదు.

అట్టలేని దాంట్లో మనుషుల పేర్లుండవు.
"నాలుగో గది చల్లదనం" అంటే కోల్డ్ స్టోరేజీల సంఘం.
"తేజ రకం, అరవై టిక్కీలు" అంటే అరవై లక్షలు.
"తాలు" అంటే ఇస్తామని చెప్పి ఫోనెత్తనివాళ్ళు.
మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు తుమ్మినవాణ్ణి,
ఈ భాష నాకు కొత్తది కాదు.

శేషుబాబు గారు గెలిచారు.
చుట్టుగుంట నుంచి లాడ్జి సెంటర్ దాకా టపాకాయల కాగితం.
తెల్లారి ఊడ్చినవాళ్ళ కూలీ
రెండు పుస్తకాల్లోనూ లేదు.

నాలుగేళ్ళ తర్వాత మా మనవరాలు హిమజకి
బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు:
మీ శాసనసభ్యుడు ఏం చేశాడు?
చార్టు నేల మీద పరిచి బోర్లా పడుకుని
ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో గీతలు గీసింది.
సభలో తొమ్మిది ప్రశ్నలు అడిగారు, తాతయ్యా.
ఐదు, కోల్డ్ స్టోరేజీలకి కరెంటు రాయితీ.
రెండు, కాలిపోయిన స్టోరేజీకి బీమా ఆలస్యం.
ఒకటి, ఎగుమతులు.
ఒకటి, పార్కులో నెమలి బొమ్మకి రంగులు.

మచ్చు తరుగు రద్దు చేయాలని చర్చ జరిగిన రోజు
ఆయన సంతకం ఉందట, మాట లేదట.
మచ్చంటే ఏంటి తాతయ్యా?
బస్తా కోసి గుప్పెడు కాయలు తీస్తారమ్మా,
రంగు చూడ్డానికి, విరిచి వాసన చూడ్డానికి.
మరి చూశాక బస్తాలో వేసేస్తారా?
వెయ్యరు.
అది రాసుకుంది కూడా.

తర్వాత పార్టీకొచ్చిన విరాళాల జాబితా దొరికింది దానికి.
తాతయ్యా, నువ్వు ఇరవై ఒక్క వేలు ఇచ్చావా!
కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది,
ఎంత గొప్పోడివో అన్నట్టు.
అప్పట్లో నా జీతం పదమూడున్నర వేలు.

నా కింద ఇంకా నలభై పేర్లు.
కాటా దగ్గరి సుభానీ,
తొడిమలు తీసే మస్తాన్‌బీ,
హమాలీ కొండేటి యేసోబు.
యేసోబు అంతకుముందు వేసవిలోనే పోయాడు,
టిక్కీల వరస మీద కూలి.
పోయిన ఎనిమిది నెలలకి ఇరవై ఒక్క వేలు ఇచ్చాడు.
బతికుండగా నాకు రెండొందలు బాకీ.

జీతాల పట్టీ ఒక్క పూట కావాలంటే
అడగకుండా తీసిచ్చింది నేనే.
ఎందుకని అడగలేదు.
అడిగితే తెలిసేదే.

నష్టపరిహారం కాగితం పట్టుకుని రూతమ్మ
బ్రాడీపేటలో ఆయన ఆఫీసు ముందు ఎన్ని సోమవారాలు కూర్చుందో.
నువ్వెవరమ్మా అన్నారట లోపలివాళ్ళు.
పార్టీకి చందా ఇచ్చినవాడి పెళ్ళాన్నని
చెప్పడానికి ఆమెకి తెలియదు.

ముగింపులో ఏం రాయను తాతయ్యా?
మీ టీచరు ఎన్ని మార్కులకిచ్చింది?
పది.
అయితే ఆ కింద ఖాళీ వదిలెయ్.

జాబితా కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేసుకున్నాను.
నల్లపాడు ఆటోలో సగం దూరం వచ్చేశాను.
రూతమ్మతో మాట ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియడం లేదు.
షావుకారుకి తెలిస్తే ఏమంటాడో అది తెలుసు.
ఏదైనా కానీ,
ఆ రెండొందల సంగతి మాత్రం ఎత్తను.